పలకరింపుల పుస్తకం

రోజూ ఉదయం ఎనిమిది గంటలకు ఎర్రయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి నిద్రశాలలోకి వస్తాడు. లోపల ముప్ఫై ఆరు పెట్టెల్లో ముప్ఫై ఆరుగురు పడుకుని ఉంటారు. వానాకాలమైతే ముప్ఫై ఏడుగురు.

ఆ బుధవారం కూడా వచ్చాడు. మొదటి పెట్టె దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పోలమ్మ తల్లీ, ఈవేళ జూన్ పదకొండు, బుధవారం. రేతిరి వాన పడింది. పెద్దలంక లాంచీ ఇంక తిరగదంట," అని చెప్పి మూతమీద రెండుసార్లు తట్టాడు.

పెట్టె పక్కనున్న యంత్రంలో కాగితం నెమ్మదిగా జరుగుతోంది. దానిమీద సూది ఒక చిన్న మెలిక గీసింది. ఎర్రయ్య ఆ ముక్క చించి, వెనక జిగురు రాసి, పెద్ద పుస్తకంలో అతికించి, కింద తారీకు వేశాడు. తర్వాత రెండో పెట్టె దగ్గరకు నడిచాడు.

అద్దం గోడకు అవతల డాక్టర్ పైడిరత్నం యంత్రాల అంకెలు చూసుకుంటోంది. ఈ మందగతి పెట్టె ఆమె కనిపెట్టిందే. ముప్ఫై రోజులు అందులో పడుకున్న మనిషి ఒంటికి ఒక్క రోజే గడుస్తుంది. మందులేని జబ్బు పట్టినవాళ్లు మందు వచ్చేదాకా అందులో ఆగుతారు. తొమ్మిదో పెట్టెలో ఆమె భర్త నూకరాజు ఆగి ఎనిమిదేళ్ల రెండు నెలలైంది. ఓడల మరమ్మతు పనిలో పొడి పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. వైద్యులు ఎనిమిది నెలలు గడువిచ్చారు. అందులో ఇప్పటికి మూడు నెలలే ఖర్చయ్యాయి.

ఎర్రయ్య తొమ్మిదో పెట్టె దగ్గరకు వచ్చేసరికి రత్నం అటు తిరిగి కాఫీ కలుపుకోవడం మొదలుపెట్టింది. రోజూ అంతే.

ఈ పలకరింపు పుట్టింది శాస్త్రం కోసం కాదు. పెట్టెలోంచి మొదట లేచిన మనిషి తవిటినాయుడనే బడిపంతులు. పద్నాలుగు నెలలు పడుకుని లేచి, పిల్లలకు పరీక్ష పెట్టాలి, ఆలస్యమైపోయింది అంటూ బట్టలు వెతుక్కున్నాడు. తను పడుకున్నాక పుట్టిన కొడుకును చూపిస్తే పక్కింటివాళ్ల బిడ్డ అన్నాడు. ఎంత చెప్పినా ఆ పద్నాలుగు నెలలూ అతని బుర్రకెక్కలేదు. నెల తిరక్కుండా ఇల్లు విడిచిపోయాడు. అది చూశాక రత్నం ఒక నియమం పెట్టింది. రోజూ ఒకే వేళకు, ఒకే గొంతుతో, ప్రతి పెట్టె దగ్గరా ఆ రోజు తారీకు చెప్పాలి. గొంతు మారితే కొలత పాడవుతుందన్న ప్రయోగశాల అలవాటు కొద్దీ, ఇంకెవరూ మాట్లాడకూడదంది. వాళ్లకు వినబడుతుందని అప్పుడెవరూ అనుకోలేదు. పడుకున్నవాళ్లను సామానులా చూడకుండా ఉంటారని పెట్టిన నియమం అది. ప్రయోగశాల అన్నాక ఏది చేసినా రాసిపెట్టుకోవాలి గనక కాగితం ముక్కలు పుస్తకంలోకి ఎక్కాయి.

ఆ మధ్యాహ్నం సింగిలంక దేశాధ్యక్షుడు భుజంగరావు వచ్చాడు. ఏటా జూన్‌లో వస్తాడు. గుండె బలహీనంగా ఉందని, ఏడేళ్లుగా వానాకాలం నాలుగు నెలలూ ముప్ఫై ఏడో పెట్టెలో విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆ రోజుల్లో సింగిలంకలో లాంచీలు తిరగవు, శాసనసభ జరగదు, ఉపాధ్యక్షుడు మామూలు కాగితాల మీద సంతకాలు పెడతాడు. కాబట్టి మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన చెయ్యి చాపాడు. రత్నం వేలికొసన సూది గుచ్చి, ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసి ప్రాయమాపకంలో పెట్టింది. ఒళ్లు పుట్టినప్పటినుంచీ నిజంగా ఎన్ని రోజులు బతికిందో ఆ యంత్రం రోజుతో సహా చెబుతుంది. 

"నేను ప్రమాణం చేసిన రోజునుంచీ ఎంతైందో చెప్పండి డాక్టరమ్మా," అన్నాడు భుజంగరావు చొక్కా చెయ్యి దించుకుంటూ.

"ఏడేళ్ల ఆరు నెలలు."

"కేలెండరు తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలంటోంది. ఎవర్ని నమ్మాలి?"

రత్నం గాజుపలక తుడిచి పక్కన పెట్టింది. సింగిలంకలో చదువుకున్న ప్రతివాడికీ రాజ్యాంగంలో పద్నాలుగో అధికరణం కంఠతా వచ్చు. ఏ మనిషీ పదేళ్లకు మించి అధ్యక్ష పదవిలో ఉండకూడదు. పాతరోజుల్లో ఒక పెద్దమనిషి ఇరవై ఆరేళ్లు కుర్చీ వదల్లేదు. ఆయన పోయాక నలభై ఒక్కమంది కూర్చుని మొదట రాసుకున్న మాట అదే. గడువు తీరిన అధ్యక్షుడు పట్టపగలు అందరూ చూస్తుండగా భవనం నలభై మెట్లూ నడిచి దిగి, రేవులో పడవెక్కి సొంతూరు పోవాలి. ఆ మెట్లు దిగడం చూడడానికి జనం ఊళ్లనుంచి వస్తారు. భుజంగరావు మెట్లు దిగాల్సిన రోజు సెప్టెంబరు పదిహేడు.

"నేను రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చలేదు," అన్నాడాయన. "మీరు రాసిన వాక్యమే చదువుకుంటున్నాను."

ఆ మాట నిజం. ఎనిమిదేళ్ల కిందట నిద్రాకాల చట్టానికి చిత్తుప్రతి రాసింది రత్నమే. పెట్టెలో గడిచిన కాలం ఏ మనిషికైనా, ఏ అవసరానికైనా, లెక్కలోకి రాదు అని రాసింది. ఎందుకంటే సింగిలంకలో ఏడేళ్లు నలుగురికీ కనబడని మనిషి చనిపోయినట్టే లెక్క. చచ్చినవాళ్లను పెట్టెలో ఉంచడం నేరం. ఆ వాక్యం రాసిన రోజున ఆమె మనసులో ఒక్క మనిషే ఉన్నాడు. ఏ అవసరానికైనా అన్నప్పుడు ఇంకెవరికి ఏ అవసరం పడుతుందో ఆమె ఆలోచించలేదు.

"ఇరవైమూడో తారీకున నా పదవీకాలం కేసులో ధర్మాసనం మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతుంది," అన్నాడు భుజంగరావు. "పెట్టెలో ఉన్న మనిషికి కాలం తెలుస్తుందా అని. తెలియదని మీరు అప్పట్లో నివేదిక ఇచ్చారు. చట్టానికి ఆధారం అదే. మళ్లీ అదే చెబితే చాలు." లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "నూకరాజుది ఎన్నో పెట్టె?"

"తొమ్మిది."

"ఒకే కప్పు కింద పడుకున్నవాళ్లం. ఒకే చట్టం కింద కూడా. ఆరోగ్యం జాగ్రత్త, డాక్టరమ్మా."

ఆయన బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరం లేదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సాయంత్రం ఇంట్లో కూతురు శారిక చేపలు కడుగుతోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, కాలేజీలో రెండో సంవత్సరం. రత్నం బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద ఏదో లెక్క వేస్తోంది.

"ఏంటమ్మా అది?"

"ఆయనకి ఒంటి లెక్కన ఇంకా రెండున్నరేళ్లు ఉంది. ఏడాదికి నాలుగు నెలలు కాకుండా పదకొండు నెలలు పడుకుంటే ఎన్నాళ్లొస్తుందో చూస్తున్నా."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రెండేళ్లు."

శారిక చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "నాకు పదేళ్లప్పుడు వచ్చాడు. అప్పటికి నలభై ఒకటి వస్తాయి. మా పిల్లలకి ఇంకో అధ్యక్షుడు ఉండొచ్చని కథగా చెప్పాలన్నమాట." కాగితం తనవైపు తిప్పుకుని, "నువ్వేం చెబుతావు?" అంది.

"నేను ఎలా చెబితే మీ నాన్న అలా ఉంటాడు."

"నాకు తెలుసు. అందుకే నేనేమీ అనను. నాన్నకి ఏమీ తెలియదుగా. ఆయనకి అదంతా ఒక్క రాత్రేనని నువ్వే చెప్పావు." 

చెప్పింది నిజమే. పన్నెండేళ్ల వయసులో శారిక పెట్టె దగ్గరకెళ్లి నాన్నతో మాట్లాడతానని ఏడిస్తే, వినబడదు తల్లీ, ఆయన రేపొద్దున లేచి నిన్న పడుకున్నాననుకుంటాడు అని చెప్పింది. పిల్ల ఆ మాట పట్టుకుని పెరిగింది. ఆ రాత్రి రత్నం అన్నం సగంలో వదిలేసి కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పలకరింపులు అయ్యాక రత్నం ఎర్రయ్యను తన గదిలోకి పిలిచింది. పుస్తకాలన్నీ తెమ్మంది. ఏడాదికొకటి చొప్పున తొమ్మిది. ఎర్రయ్య వాటిని బల్లమీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అంది.

"మీకు తెలిసినకాణ్ణించీనమ్మా," అన్నాడు ఎర్రయ్య నిదానంగా. "ఐదేళ్ల కిందట మీరోపాలి ఈ పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లి నాలుగు రోజులుంచుకున్నారు. తెచ్చి ఇచ్చినకాణ్ణించీ తొమ్మిదో పెట్టెకాడ నాను మాటాడతంటే మీరు మొకం తిప్పీసుకుంటన్నారు."

ఆమె ఒక పుస్తకం తెరిచింది. తట్టడం రోజూ ఒకటే, గొంతూ ఒకటే. మెలికలు మాత్రం ఒకటి కావు. పోలమ్మ సూది వాన మాటకు కదిలేది కాదు, ఊళ్లో పెళ్లి అంటే కదిలేది. నూకరాజు సూది మామూలు రోజుల్లో చిన్నగా వణికేది. అమ్మాయి పదో తరగతి లెక్కల్లో తప్పిందని ఎర్రయ్య చెప్పిన రోజున రెండంగుళాల ఎత్తు లేచింది. మళ్లీ రాసి పాసయిందని చెప్పిన రోజున ఇంకా ఎత్తు. ఒళ్లంతా నిదానించినా వినికిడి ఎందుకు నిదానించలేదో రత్నానికి ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా కాగితం ముందుంది. వాళ్లు వింటున్నారు. రోజులన్నీ ఒకటొకటిగా వాళ్లకు చేరుతున్నాయి. పెట్టెలో ఒళ్లు ఆగుతుంది గానీ మనిషి ఆగడం లేదు.

ఈ సంగతి ఐదేళ్లుగా ఆమె లోకానికి చెప్పలేదు. చెబితే చట్టం కూలుతుంది.

"ముప్ఫై ఏడో పెట్టెవి చూపించు."

ఎర్రయ్య వేలితో వెతికి చూపించాడు. "ఇదిగోనమ్మా. వరదలొచ్చి నూటెనిమిది ఇళ్లు పోనాయని సెప్పిన రోజు. సూది అసలు కదల్నేదు. ఇది సూడండి. జెండా పండగనాడు ఉపాధ్యక్షులోరు జెండా ఎగరేసినారు, జనం బాగా వొచ్చినారు అని సెప్పిన రోజు." ఆ గీత కాగితం అంచు దాటి పోయింది. ఎర్రయ్య మొహంలో నవ్వు లేదు. "ఆ బాబు లోపల పడుకోనేదమ్మా. కూకున్నాడు."

"నేనిది చెబితే నూకరాజుని లేపేయాలి, ఎర్రయ్యా. ఏడేళ్లు దాటినవాళ్లు ముగ్గురే. అందులో ఆయనొకడు."

ఎర్రయ్య పుస్తకం అట్టను చేత్తో నిమిరాడు. "నాను సదువుకోనోణ్ణి. రోజూ నూకరాజుబాబుకి నిజం తారీకే సెప్పినాను. ఒక్కనాడూ అబద్దం సెప్పనేదు. అంతవరకే నాకు తెలుసు," అని పుస్తకాలు అక్కడే వదిలేసి వెళ్లాడు.

ఆ ఆదివారం రత్నం కూతురికి పుస్తకం చూపించింది. లెక్కల పరీక్ష తాలూకు రెండు ముక్కలూ చూపించి, ఇది మీ నాన్న అని చెప్పింది. శారిక ఆ గీతలను వేలితో తడిమి చూసింది. తర్వాత తల్లి వైపు చూడకుండా అడిగింది.

"అంటే అప్పుడు నేను వెళ్లి మాట్లాడి ఉంటే వినేవాడా?"

"వినేవాడు."

"నీకు తెలిశాక కూడా చెప్పలేదు."

"లేదు."

శారిక లేచి తన గదిలోకి పోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు, మెల్లగానే వేసుకుంది. రత్నానికి అదే ఎక్కువ నొప్పి పుట్టించింది. 

ఇరవైమూడున ధర్మాసనం మీద ఐదుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. ప్రధాన న్యాయమూర్తి కమలాక్షమ్మ పెద్దావిడ, చెవికి యంత్రం పెట్టుకుంటుంది. అనుకున్న ప్రశ్నే అడిగింది. పెట్టెలో ఉన్న మనిషికి కాలం తెలుస్తుందా?

"తెలుస్తుంది," అంది రత్నం. "నేను ఎనిమిదేళ్ల కిందట ఇచ్చిన నివేదిక తప్పు."

ప్రభుత్వ న్యాయవాది వెంటనే లేచాడు. తట్టిన చప్పుడుకి సూది కదిలి ఉంటుంది, చప్పుడుకి బల్ల కూడా అదురుతుంది, బల్లకు కాలం తెలుస్తుందా అన్నాడు. కొందరు నవ్వారు. 

"తట్టేది రోజూ ఒకేలాగండి," అంది రత్నం. "గీతలు ఒకేలా లేవు. వరద రోజుదీ, జెండా పండగ రోజుదీ పక్కపక్కన పెట్టి చూడండి."

పుస్తకం చేతులు మారింది. కమలాక్షమ్మ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇది మీకు ఐదేళ్లుగా తెలుసంటున్నారు. ఎందుకు దాచారు?"

"నా భర్త తొమ్మిదో పెట్టెలో ఉన్నాడమ్మా."

"ఇప్పుడూ ఉన్నాడు కదా."

"ఉన్నాడు."

కమలాక్షమ్మ పుస్తకం మూసింది. "ఆధారం పోతే చట్టం మొత్తం పోతుంది. రోగులకు ఉంచి అధ్యక్షుడికి తీసెయ్యమంటే అది శాసనసభ పని. మా పని కాదు. ఆ సభ నవంబరు దాకా జరగదు. అర్థమవుతోందా మీకు?"

"అర్థమయ్యే వచ్చానమ్మా."

ఇరవైఏడున తీర్పు వచ్చింది. పెట్టెలో గడిచిన కాలం గడిచినట్టే. ఏడేళ్లు నిండినవాళ్లను నెలలోగా లేపాలి, మిగతావాళ్లు కొత్త చట్టం దాకా ఆగవచ్చు. 

భుజంగరావు సంగతి ముందే చెప్పేస్తే పోతుంది. ఆ ఏడు ఆయన పెట్టెలో పడుకోలేదు. సెప్టెంబరు పదిహేనున కూడా పై కోర్టు ఉందేమోనని వెతికించాడట, లేదు. పదిహేడు బుధవారం జోరువానలో నలభై మెట్లూ దిగాడు. లాంచీలు లేకపోయినా జనం నాటుపడవల్లో వచ్చి చూశారు. గొడుగు పట్టబోతే వద్దన్నాడు. ఆయనలో అంత మర్యాద ఉందని జనానికి ఆ రోజే తెలిసింది. తర్వాత సొంతూళ్లో కొబ్బరితోట చూసుకుంటూ, పగళ్లు మరీ పొడుగ్గా ఉన్నాయని వచ్చినవాళ్లతో అనేవాడట.

నూకరాజును జూలై ఇరవైరెండున పెట్టెలోంచి తీశారు. ఒళ్లు వెచ్చబడడానికి రెండు రోజులు పట్టింది. ఇరవైనాలుగు ఉదయం ఏడింటికి కళ్లు తెరిచాడు. నిద్రశాల మూలనున్న మంచం పక్కన శారిక ఉంది. తల్లితో ఆ నెలంతా అవసరమైన మాటలే మాట్లాడింది, కానీ ఆ రెండు రోజులూ ఇద్దరూ కలిసే కాపలా కాశారు.

నూకరాజు పిల్లను చూశాడు. పదకొండేళ్ల పిల్లను వదిలి పడుకున్నవాడు, పంతొమ్మిదేళ్ల పిల్లను చూసి ఉలిక్కిపడలేదు. 

"లెక్కలు తప్పీసినావు గదే," అన్నాడు ఊపిరి కూడదీసుకుని. "మల్లా పాసయినావులే."

శారిక అతని చేతిమీద నుదురు ఆన్చి ఏడ్చింది. తర్వాత, గంజి కాచి తెస్తానని లేచి వెళ్లింది. రత్నం మంచానికి కాళ్లవైపు నిలబడి ఉంది, యంత్రాల అంకెలు చూస్తున్నట్టుగా. నూకరాజు ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్లలో సంతోషమే గాని దానికి ముందు ఇంకేదో ఉంది. రత్నానికి అది ఏమిటో తెలియలేదు.

"ఐదు నెలలే ఉంది రాజూ," అంది. "నేనే కోర్టులో చెప్పి నిన్ను లేపించాను. నామీద కోపం ఉంటే కోప్పడు."

"తెలుసు. ఎర్రయ్య సెప్పినాడు. దానికి కోపం ఏటి?" కొంచెం దగ్గాడు. "రోజూ వొచ్చినాడు పాపం. వాన, లాంచీలు, అమ్మాయి సదువు, అన్నీ సెప్పినాడు. ఆడి గొంతయిపోగానే, ఆ యెనకాల నీ గొంతు వొస్తాదేమోనని సూసేవోణ్ణి. ఒకరోజు గాదు. ఎనిమిదేళ్లు."

రత్నం మంచం కమ్మీ పట్టుకుంది.

"కోర్టు సంగతి ఎర్రయ్య సెప్పినదాకా నువ్వు సచ్చిపోనావనుకున్నాను, రత్నం. అందుకే రావట్లేదు, నాకు సెప్పొద్దని ఎర్రయ్యకి ఒట్టు పెట్టించుకున్నారు అనుకున్నాను. రెండో ఏడు ఏడ్సీసినాను లోపల. తర్వాత అలవాటయిపోనాది."

ఆమెకు ఆ రెండో ఏటి పుస్తకం గుర్తొచ్చింది. అందులో ఒక నెలంతా తొమ్మిదో పెట్టె గీతలు కారణం లేకుండా ఎగిరి ఉన్నాయి. యంత్రం చెడిపోయిందని, సూది మార్పించింది. అతను చనిపోయినట్టు కాగితాల్లో పడకూడదని ఎనిమిదేళ్లు కాపలా కాసింది. అన్నేళ్లూ అతను లోపల ఆమెకు తద్దినాలు పెడుతూ ఉన్నాడు.

గొంతు మారితే కొలత పాడవుతుందన్న నియమం నోటిదాకా వచ్చి, సిగ్గేసి, లోపలికి పోయింది.

గోడగడియారం ఎనిమిది కొట్టింది. అలవాటు కొద్దీ ఎర్రయ్య చెప్పులు బయట విడిచి గుమ్మంలోకి వచ్చాడు, చంకలో పుస్తకంతో. మంచం మీద కళ్లు తెరిచి ఉన్న మనిషిని చూసి తటపటాయించాడు. రత్నం అతన్ని ఆగమని చెయ్యెత్తింది. కుర్చీ లాక్కుని తలవైపు కూర్చుంది. నూకరాజు చెవి దగ్గరకు వంగింది.

"ఈవేళ జూలై ఇరవైనాలుగు, గురువారం," అంది. "రాత్రి వాన పడింది. నేను బతికే ఉన్నాను."

నూకరాజు చెయ్యి మెల్లగా కదిలింది. మంచం ఇనప కమ్మీ మీద రెండుసార్లు తట్టాడు.